వడ్ల సెంటర్‌లో ఎవరి పని ఎంత? తరుగు ఎక్కడ పుడుతుంది?

ఏప్రిల్ నెలాఖరులో తెలంగాణ పల్లెల మీదుగా వెళ్తే రోడ్డుకు ఒక పక్కంతా వడ్లే. బైకుల వాళ్లు, బస్సుల వాళ్లు రెండో పక్క నుంచి సర్దుకుని పోతుంటారు. ఆ వడ్లు ఎవరు కొంటారని రైతును అడిగితే "ఐకేపీ వాళ్లు" అంటాడు, అంటే ఊరి మహిళా సంఘాల వాళ్లు. పక్క ఊళ్లో "సొసైటీ వాళ్లు" అంటారు. పేపర్‌లో మాత్రం ప్రభుత్వం కొంటోందని ఉంటుంది. లారీ పోయేది మిల్లుకు. పైసలు పడేది పౌర సరఫరాల సంస్థ నుంచి. బస్తాకు కిలో, రెండు కిలోలు తరుగు పేరుతో కోత పడిందని రైతులు రోడ్డెక్కితే మిల్లరు సెంటర్ వాళ్లను అడగమంటాడు, సెంటర్ వాళ్లు మిల్లరును అడగమంటారు, ఆఫీసర్లు విచారణ చేయిస్తామంటారు.

ఎవరో ఒకరు దొంగ అని తేల్చేస్తే కథ సులువుగా అయిపోతుంది. దొంగలు లేరని కాదు. కానీ ఏ దొంగా లేని సీజన్‌లో కూడా ఈ గొడవ జరుగుతుంది. కారణం ఒకటే. ఈ పని మొత్తాన్ని ఏ ఒక్కరూ చేయరు. మహిళా సంఘం, సహకార సొసైటీ, పంచాయతీ, వ్యవసాయ శాఖ, మార్కెట్ కమిటీ, హమాలీల గుంపు, లారీ కాంట్రాక్టరు, మిల్లు, చివర్లో పౌర సరఫరాల సంస్థ, అందరూ తలా ఒక ముక్క చేస్తారు. వడ్లు ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి మారే చోటే తూకం మారుతుంది. ఆ చోట నష్టం వస్తే ఎవరు భరించాలో ముందే తేల్చుకోకపోతే, అది అందరికంటే నోరు లేనివాళ్ల నెత్తిన పడుతుంది. ఎవరు ఏం చేస్తారో విడివిడిగా చూస్తే తప్ప ఈ చిక్కు విడిపోదు.

మిల్లరు కొన్న రోజులు

ఇప్పుడున్న పద్ధతి మొదటి నుంచీ ఉన్నది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చాలా ఏళ్లు వడ్లు కొన్నది ప్రధానంగా మిల్లర్లే. రైతు దగ్గర కొని, బియ్యం పట్టించి, అందులో 75 శాతం లెవీ (తప్పనిసరి వాటా) కింద కేంద్రం ఆహార సంస్థ ఎఫ్‌సీఐకి ఇచ్చి, మిగతాది బయట అమ్ముకునేవారు. రైతుకు, మిల్లుకు మధ్య దళారి ఉండేవాడు. మద్దతు ధర కాగితం మీద ఉండేది, కల్లంలో దళారి చెప్పిందే ధర. 2014-15లో కేంద్రం లెవీని 25 శాతానికి తగ్గించి, 2015 అక్టోబర్ నుంచి పూర్తిగా ఎత్తేసింది. దాంతో మిల్లరుకు వడ్లు కొనాల్సిన అవసరం తగ్గింది, రాష్ట్రాలు నేరుగా కొనక తప్పలేదు. మిల్లు ఇప్పుడు కొనుగోలుదారు కాదు. ప్రభుత్వం కొన్న వడ్లను తీసుకుని, పట్టించి, బియ్యం తిరిగి అప్పజెప్పే పనివాడు. పేరు మారింది గానీ వడ్లను "వద్దు" అనగలిగే బలం మాత్రం అతని దగ్గరే ఉండిపోయింది. తరుగు కథలో సగం ఇక్కడే ఉంది.

ఇదే సమయంలో వడ్లు కుప్పలు తెప్పలుగా పెరిగాయి. తెలంగాణ ఏర్పడ్డ 2014-15లో రాష్ట్రం సేకరించిన ధాన్యం 24 లక్షల టన్నులు. 2020-21లో 141 లక్షల టన్నులు. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు, చెరువుల పూడికతీత, కొత్త ప్రాజెక్టుల నీళ్లు, వీటికి తోడు "వరి వేస్తే సర్కారు కొంటుంది" అన్న భరోసా. ఇంకో పంటకు ఆ భరోసా లేనప్పుడు రైతు వరి కాక ఏం వేస్తాడు? ఆరేళ్లలో సరుకు దాదాపు ఆరు రెట్లయింది. మిల్లుల గోదాములు, లారీలు, హమాలీలు మాత్రం ఆ లెక్కన పెరగలేదు.

సంఘం మహిళలు ఇందులోకి ఎలా వచ్చారు

మహిళా సంఘాల పుట్టుకకు, వడ్లకు సంబంధం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం, ఆ తర్వాత పొదుపు సంఘాలు, 2000లో సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ) ఏర్పాటు, వెలుగు, ఇందిరా క్రాంతి పథం (ఐకేపీ) పథకాలు. పది పదిహేను మంది మహిళలు ఒక సంఘం, ఊళ్లోని సంఘాలన్నీ కలిస్తే గ్రామ సమాఖ్య, వాటన్నిటికీ పైన మండల సమాఖ్య. పొదుపు చేయడం, అప్పులిచ్చుకోవడం, పుస్తకాలు రాయడం వచ్చిన ఆ మహిళలకు 2000ల మధ్యలో ధాన్యం కొనే పని అప్పజెప్పారు. ఊళ్లోనే ఉంటారు, లెక్క రాయడం వచ్చు, బ్యాంకు ఖాతా ఉంది, దళారికి లొంగే అవసరం లేదు. ఆలోచన బాగుంది. ఇప్పటికీ ఊళ్లో కొనుగోలు కేంద్రం అంటే "ఐకేపీ సెంటర్" అనే అంటారు, పథకం పేరు ఎన్నిసార్లు మారినా.

ఇందుకు సమాఖ్యకు క్వింటాలుకు ముప్పై రూపాయల పైచిలుకు కమీషన్ వస్తుంది. ఒక సెంటర్‌లో పది వేల క్వింటాళ్లు కొంటే మూడు లక్షల పైమాట. గ్రామ సమాఖ్యకు ఇది చిన్న మొత్తం కాదు. సెంటర్‌లో నెలన్నర ఎండలో కూర్చున్న వాళ్ల కూలి, చిల్లర ఖర్చులు అందులోంచే పోను మిగిలింది సమాఖ్య నిధిలో పడుతుంది. పడాల్సిన టైముకు పడితే. కమీషన్ సీజన్ల తరబడి బకాయి ఉండిపోయిన ఊళ్లు ఉన్నాయి. వడ్లు కొన్న మహిళలకే కూలి పైసలు రాక, ఇంట్లో వాళ్లతో మాటలు పడ్డ సందర్భాలూ ఉన్నాయి.

సొసైటీ, అంటే ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘం, వేరే రకం. దానికి ఎన్నికైన పాలకవర్గం, జీతం మీద పనిచేసే సెక్రటరీ, సొంత బిల్డింగ్, కొన్ని చోట్ల గోదాము ఉంటాయి. అధికారులతో ఫోన్‌లో గట్టిగా మాట్లాడగల చైర్మన్ ఉంటాడు. సమాఖ్యకు ఇవేవీ లేవు. అందుకని చాలా మండలాల్లో గోనె సంచులు, లారీలు ముందుగా సొసైటీ సెంటర్‌కు పోతాయి, ఐకేపీ సెంటర్ వంతు తర్వాత వస్తుంది. కమీషన్ ఉంది కాబట్టి సెంటర్ ఎవరికి ఇవ్వాలన్న దగ్గరే రాజకీయం మొదలవుతుంది. ఒకే ఊళ్లో రెండు సెంటర్లు పెట్టి, అదే లారీ కోసం పోటీ పడేలా చేసిన చోట్లు చూస్తే, పోటీ వల్ల సేవ మెరుగవుతుందన్న మాట నమ్మబుద్ధి కాదు.

టేబుల్ దగ్గర ఏం జరుగుతుంది

పంచాయతీ స్థలం చూపిస్తుంది. స్కూలు గ్రౌండో, ఊరి బయట ఖాళీ జాగానో. మార్కెట్ కమిటీ నుంచి టార్పాలిన్లు, మాయిశ్చర్ మిషన్, తాలు ఎగరగొట్టే ప్యాడీ క్లీనర్, తూకం మిషన్ రావాలి. గోనె సంచులు పౌర సరఫరాల సంస్థ పంపాలి. ఏ రైతు ఎన్ని ఎకరాల్లో వరి వేశాడో ఏఈవో (వ్యవసాయ విస్తరణాధికారి) ముందే ఎంట్రీ చేసి ఉంచాలి, వడ్లు ప్రమాణాల మేరకు ఉన్నాయో లేదో చూడాలి. ఇవన్నీ కలిసి ఉంటేనే టేబుల్ వెనక కూర్చున్న మహిళ మొదటి కాంటా పెట్టగలదు.

పిడికెడు వడ్లు మిషన్‌లో పోస్తే అంకె కనిపిస్తుంది. 17 శాతం లోపు తేమ ఉంటే సరే. 19 వచ్చిందనుకోండి, రైతు "అటు పక్క నుంచి తియ్యక్కా" అంటాడు. అటు నుంచి తీస్తే 16 వస్తుంది. ఇద్దరూ అబద్ధం ఆడటం లేదు. కుప్ప పైపొర ఎండకు కాగి ఉంటుంది, అడుగున పచ్చిగా ఉంటుంది. రాత్రి మంచు పడితే పొద్దున ఒక అంకె, మధ్యాహ్నం ఒక అంకె. ఈ అంకె మీద నిర్ణయం తీసుకునే ఆమె రేపు పొద్దున అదే రైతు ఇంటి ముందు నుంచి నీళ్లకు పోవాలి. మిల్లరుకు ఆ ఇబ్బంది లేదు.

తేమ ఒక్కటే కాదు. నిబంధనల ప్రకారం మట్టి, రాళ్ల వంటివి 1 శాతం, తాలు, చెత్త 1 శాతం, రంగు మారినవి, మొలకెత్తినవి, పురుగు పట్టినవి 5 శాతం, పక్వానికి రాని ముడుచుకుపోయిన గింజ 3 శాతం దాటకూడదు. చదవడానికి స్పష్టంగానే ఉంది. వెయ్యి బస్తాలు ఎదురుగా ఉండి, మబ్బు పట్టినప్పుడు ఇవన్నీ కొలిచి చూసే టైము ఎవరికీ ఉండదు. కంటితో చూసి, చేత్తో నలిపి, పంటి కింద ఒక గింజ కొరికి తేలుస్తారు.

ఈ పచ్చి వడ్ల సమస్యకు మూలం హార్వెస్టర్. చేత్తో కోసిన రోజుల్లో మెద పొలంలోనే ఆరేది, తర్వాత కుప్ప వేసేవారు, నూర్చే నాటికి గింజ గట్టిపడేది. ఇప్పుడు మిషన్ గంటలో ఎకరం కోసి, 20 శాతానికి పైగా తేమ ఉన్న గింజను నేరుగా ట్రాలీలో పోస్తుంది. ఊళ్లోకి నాలుగు హార్వెస్టర్లు వస్తే వారంలో పంటంతా సెంటర్ ముందుంటుంది. సెంటర్ రోజుకు రెండు మూడు లారీలు ఎత్తగలదు, అదీ లారీలు వస్తే. అంటే కోత వారం, కాంటా నెల. మిగతా మూడు వారాలు వడ్లు టార్పాలిన్ కింద, రైతు వడ్ల పక్కన.

తరుగు లెక్క

బస్తాలో 40 కిలోలు పోస్తారు. ఖాళీ సంచి బరువు అరకిలోకు పైనే కాబట్టి 40 కిలోల 600 గ్రాముల దాకా తూచడంలో తప్పు లేదు. దాని పైన 41, 42, ఒక్కోసారి 43 కూడా తూచి 40 కిలోలకే రాసిన చోట్ల నుంచి గొడవ మొదలవుతుంది. కొన్ని చోట్ల కోత ఇక్కడ కాకుండా మిల్లు దగ్గర పడుతుంది. సెంటర్ నుంచి మూడు వందల బస్తాలు పోతే, "పది బస్తాలు తగ్గించుకుంటేనే దించుకుంటా" అని మిల్లరు ఫోన్ చేస్తాడు.

నాలుగెకరాల రైతు ఎకరాకు 25 క్వింటాళ్ల చొప్పున వంద క్వింటాళ్లు తెచ్చాడనుకుందాం. అవి 250 బస్తాలు. బస్తాకు కిలో కోత అంటే రెండున్నర క్వింటాళ్లు. 2025-26 మద్దతు ధర ఏ గ్రేడ్‌కు 2,389 రూపాయలు, అంటే దాదాపు ఆరు వేలు. రెండు కిలోలైతే పన్నెండు వేలు. కౌలు, ఎరువులు, హార్వెస్టర్ కిరాయి పోగా మిగిలే దాంట్లో ఇది చిన్న మొత్తం కాదు.

ఇప్పుడు మిల్లరు వైపు నుంచి చూద్దాం. క్వింటాలు వడ్లు తీసుకుంటే పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అతను ప్రభుత్వానికి తిరిగి ఇవ్వాలి. వడ్లు పచ్చిగా ఉన్నా, తాలు ఎక్కువున్నా ఆ లెక్క మారదు. క్వింటాలుకు పట్టింపు చార్జీ పదీ ఇరవై రూపాయలే. తవుడు, ఊక, నూక అతనికే మిగులుతాయి, అసలు లాభం అందులో ఉంటుంది. యాసంగి (రబీ) వడ్లతో ఇంకో చిక్కు. ఎండలు ముదిరాక కోసిన గింజ పచ్చి బియ్యం పట్టిస్తే విరిగి నూక అవుతుంది, అందుకే ఉడకబెట్టి ఉప్పుడు బియ్యం చేస్తారు. తెలంగాణ ఉప్పుడు బియ్యం ఇక తీసుకోమని కేంద్రం అన్నప్పుడు 2021-22లో ఎంత రభస జరిగిందో గుర్తుంది కదా. 2022 ఏప్రిల్‌లో ఢిల్లీలో ధర్నా, మర్నాడే రాష్ట్రమే మొత్తం కొంటుందన్న ప్రకటన. ఢిల్లీలో తీసుకున్న ఒక నిర్ణయం ఊరి సెంటర్‌లో బస్తాకు కిలో తరుగుగా ఎలా మారుతుందో చెప్పడానికి అంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. బియ్యం ఎవరు తీసుకుంటారో తెలియనప్పుడు మిల్లరు ముందుజాగ్రత్తగా వడ్లలో కోస్తాడు.

అసలు తిరకాసు తేమ లెక్కలో ఉంది. 22 శాతం తేమ ఉన్న క్వింటాలు వడ్లను 17 శాతానికి ఆరబెడితే 94 కిలోలే మిగులుతాయి. అంటే ఆరు కిలోలు నీళ్లే. పచ్చి వడ్లు తెచ్చిన రైతుకు బస్తాకు రెండు కిలోలు, క్వింటాలుకు అయిదు కిలోలు కోస్తే లెక్క ప్రకారం అతనికి నష్టం లేదు. పైగా వారం రోజులు కుప్ప కాపలా కాయడం, వానకు తడుస్తుందన్న టెన్షన్ తప్పుతాయి. అందుకే చాలామంది రైతులు లోపల్లోపల ఒప్పుకుంటారు, పైకి తిడతారు. అదే కోత బాగా ఆరబెట్టి 15 శాతానికి తెచ్చిన రైతుకు కూడా పడుతుంది. అతను నీళ్లు ఎండలో పోగొట్టుకున్నాడు, గింజ మిల్లులో పోగొట్టుకుంటాడు. వచ్చే సీజన్‌కు అతను కూడా ఆరబెట్టడం మానేస్తాడు. ఊరంతా పచ్చి వడ్లే తెస్తే మిల్లరు కోత ఇంకో అరకిలో పెంచుతాడు. అందరికీ ఒకే తరుగు అన్న పద్ధతి సులువుగా కనిపిస్తుంది గానీ, మంచి వడ్లు తెచ్చే వాళ్లను ఒక్కొక్కరినే తరిమేస్తుంది.

దీనికి లారీ ఇంకో మెలిక పెడుతుంది. ఒక లారీలో నలుగురైదుగురు రైతుల బస్తాలు ఎక్కుతాయి. మిల్లు దగ్గర గుమస్తా రెండు మూడు సంచుల్లో బొంబు (శాంపిల్ తీసే గొట్టం) గుచ్చి శాంపిల్ తీస్తాడు. దొరికిన సంచి ఎవరిదైనా, కోత లారీ మొత్తానికి. ఆ కోతను నలుగురికి ఎలా పంచాలో తేల్చాల్సింది మళ్లీ సెంటర్‌లోని మహిళలే.

మిల్లుతో ఒప్పందం పౌర సరఫరాల సంస్థది. ఏ సెంటర్ వడ్లు ఏ మిల్లుకు పోవాలో జిల్లా అధికారులు తేలుస్తారు. సమాఖ్యకు మిల్లుతో ఒక్క ముక్క కాగితం కూడా లేదు. మిల్లరు దించుకోనంటే సెంటర్‌లోని మహిళ చేయగలిగింది సీసీకి (క్లస్టర్ కోఆర్డినేటర్) ఫోన్ చేయడం, సీసీ మండలంలోని ఏపీఎంకు (అసిస్టెంట్ ప్రాజెక్ట్ మేనేజర్) చేయడం, ఏపీఎం జిల్లాకు చేయడం. ఈలోపు లారీ మిల్లు గేటు ముందు రెండు రోజులు ఆగితే డ్రైవరు వెయిటింగ్ అడుగుతాడు, లారీ తిరిగి రాక సెంటర్‌లో బస్తాలు పేరుకుపోతాయి. సెంటర్‌లో తూచిన తర్వాత మిల్లు దగ్గర తరుగు తీయొద్దని ప్రతి సీజన్‌కూ ప్రభుత్వం చెబుతూనే ఉంటుంది. చెప్పినవాళ్లు గేటు దగ్గర ఉండరు.

పైసలు ఎప్పుడు పడతాయి

రైతు దృష్టిలో కాంటా అయిపోతే అమ్మకం అయిపోయినట్టే. వ్యవస్థ దృష్టిలో అది ఇంకా సగమే. లారీతో పాటు ట్రక్ షీట్ పోతుంది. మిల్లులో దించుకుని సంతకం పడి ఆ షీట్ తిరిగొచ్చాక ట్యాబ్‌లో ఎంట్రీ పూర్తవుతుంది, అక్కడి నుంచి చెల్లింపు గడియారం మొదలవుతుంది. "48 గంటల్లో పైసలు" అన్న మాట ఆ గడియారానికి సంబంధించింది. రైతు లెక్కపెట్టేది కాంటా రోజు నుంచి. మధ్యలో మిల్లు గేటు దగ్గర పోయిన రోజులు ఎవరి లెక్కలోనూ లేవు. మిల్లరు చేతిలో ఉన్న నిజమైన ఆయుధం తరుగు కాదు, ఈ ఆలస్యం. తొందరగా పైసలు కావాల్సిన రైతు బస్తాకు కిలో వదులుకుంటాడు.

కౌలు రైతుకు ఇంకో గడప. పంట నమోదు పట్టాదారు పేరు మీద ఉంటే డబ్బు పట్టాదారు ఖాతాలో పడుతుంది. ఇద్దరి మధ్య మాట బాగుంటే ఇబ్బంది లేదు. లేకపోతే కౌలు బకాయి, పాత అప్పు మినహాయించుకుని మిగిలింది ఇస్తాడు. అందుకే చాలామంది కౌలు రైతులు మద్దతు ధర కంటే తక్కువకైనా కల్లంలోనే వ్యాపారికి అమ్మేస్తారు.

2020 ఏప్రిల్‌లో ఏం బయటపడింది

ఈ గొలుసులో మామూలుగా కనపడని కొన్ని కొక్కేలు లాక్‌డౌన్‌లో కనపడ్డాయి. మార్కెట్ యార్డుల్లో జనం గుమికూడొద్దని తెలంగాణ ప్రభుత్వం ఊళ్లలోనే ఏడు వేల దాకా సెంటర్లు తెరిచి, కూపన్లు ఇచ్చి వంతుల వారీగా వడ్లు తెమ్మంది. అప్పుడు మొదట తెగింది గోనె సంచి. జనపనార మిల్లులు బెంగాల్‌లో, అవి మూతపడ్డాయి. రేషన్ డీలర్ల దగ్గరి పాత సంచులు సైతం పోగు చేయాల్సి వచ్చింది. రేషన్ డీలరు కూడా వడ్ల కొనుగోలులో భాగస్వామే అని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు.

తర్వాత హమాలీలు. తెలంగాణ రైస్ మిల్లుల్లో బస్తాలు మోసేవాళ్లలో బీహార్ వాళ్లు ఎక్కువ, హోలీకి ఇంటికి పోయి అక్కడే చిక్కుకున్నారు. దేశమంతా వలస కూలీలు సొంతూళ్లకు రైళ్లు ఎక్కుతున్న రోజుల్లో, 2020 మే మొదట్లో, బీహార్‌లోని ఖగడియా నుంచి ఒక రైలు రెండు వందల మందికి పైగా హమాలీలతో హైదరాబాద్ లింగంపల్లికి వచ్చింది. మంథనిలోనో మిర్యాలగూడలోనో మిల్లులో లారీ దిగాలంటే ఖగడియా మనిషి రావాలి. ఇన్నాళ్లూ కొనుగోళ్ల మీద సమీక్ష అంటే కలెక్టరు, మిల్లర్లు, అధికారులు కూర్చోవడమే. హమాలీల మేస్త్రీని పిలిచి ఎన్ని ముఠాలు ఉన్నాయని అడిగిన మీటింగులు తక్కువ.

బాగా నడిచే సెంటర్లలో తేడా ఏమిటి

అన్ని ఊళ్లలోనూ రోడ్డు మీద ధర్నాలు జరగవు. సాఫీగా నడిచే చోట్ల ఏదో పెద్ద రహస్యం ఉందనిపించదు. ఎక్కువగా చిన్న చిన్న ఏర్పాట్లు.

మొదటిది, కోతల వరస సెంటర్‌తో సంబంధం లేకుండా జరగనివ్వరు. సర్పంచో పెద్దమనుషులో హార్వెస్టర్ల వాళ్లతో మాట్లాడి, ఏ వైపు పొలాలు ఏ వారం కోయాలో తేలుస్తారు. చట్టంలో ఎక్కడా లేని పని ఇది, కానీ సెంటర్ ముందు కుప్పలు తగ్గేది దీనితోనే. దీనికి ఊళ్లో పట్టింపులు లేకుండా ఉండాలి, అది అన్నిచోట్లా కుదరదు.

రెండోది, సీరియల్ రిజిస్టర్ అందరికీ కనపడేలా ఉంటుంది. ఎవరి వంతు ఎప్పుడో గోడ మీద రాసి ఉంటే, పలుకుబడి ఉన్నవాడి ట్రాక్టర్ మధ్యలో దూరడం కష్టం. సంఘం మహిళలకు మీటింగు పుస్తకాలు, తీర్మానాలు అలవాటే కాబట్టి ఈ పని వాళ్లు బాగా చేస్తారు.

మూడోది, అన్నింటికంటే ముఖ్యమైనది, లారీ నింపే పద్ధతి. తేమ, తాలు ఒకే మాదిరిగా ఉన్న రైతుల వడ్లనే ఒక లారీకి ఎక్కించి, ఏఈవో సంతకం ఉన్న శాంపిల్ సంచి ఒకటి సెంటర్‌లో, ఒకటి లారీతో పంపితే మిల్లు దగ్గర వాదనకు ఆధారం ఉంటుంది. కొన్ని ఊళ్లలో రైతుల్లోంచి ఒకరు లారీ వెంట పోతారు. మిల్లు గుమస్తాకు ఒక ముఖం ఎదురుగా ఉండటానికి, ఫోన్‌లో గొంతుకు చాలా తేడా ఉంది. వెళ్లిన వాడి ఆ రోజు కూలి మిగతా రైతులు తలా ఇంత వేసుకుని ఇస్తారు.

ఈ మూడింటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. మూడూ చేతులు మారే చోట్లను చూసుకునే పనులే. పైనుంచి వచ్చే ఆదేశాలేమో ఎక్కువగా ఎవరి ముక్క వాళ్లు సరిగ్గా చేయమని చెబుతాయి. ఏఈవో తన ముక్క సరిగ్గా చేశాడు, సమాఖ్య చేసింది, లారీ వచ్చింది, మిల్లు దించుకుంది, అయినా రైతుకు ఆరు వేలు తగ్గాయి. ఎవరి ఫైలు చూసినా తప్పు కనపడదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 మే 30న రైతు భరోసా కేంద్రాలు మొదలయ్యాక కొనుగోలు టేబుల్ అటు మారింది, ఇప్పుడవి రైతు సేవా కేంద్రాలు. రైతు మిల్లు గడప తొక్కనక్కర్లేదన్నది అక్కడి ప్రభుత్వాలు చెప్పే మాట. సచివాలయ ఉద్యోగి టేబుల్ వెనక ఉండటం వల్ల సంఘం మహిళ మీద పడే ఒత్తిడి కొంత తగ్గింది. గోదావరి జిల్లాల్లో కౌలు రైతుల సంఖ్య ఎక్కువ కాబట్టి ఖాతా గొడవ మాత్రం అక్కడ ఇంకా పెద్దది. తేమ దగ్గర, మిల్లు గేటు దగ్గర వాదనలు కృష్ణా డెల్టాలోనూ ఇవే.

తెలంగాణలో 2024 వానాకాలం నుంచి సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇస్తున్నారు. దీంతో సెంటర్ టేబుల్ మీదకు మాయిశ్చర్ మిషన్ పక్కన ఇంకో రెండు పరికరాలు వచ్చాయి. ఒకటి వడ్ల పొట్టు తీసేది, ఇంకొకటి గింజ పొడవు, వెడల్పు కొలిచే కాలిపర్. గింజ 6 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల వెడల్పు దాటితే సన్నం కాదు. వంద క్వింటాళ్లు తెచ్చిన రైతుకు ఆ కొలత మీద యాభై వేలు ఆధారపడి ఉంటాయి. కొలిచేది మళ్లీ సమాఖ్య మహిళ, ఏఈవో. ఆమె సన్నం అని రాసిన లారీని మిల్లరు దొడ్డు వడ్లు అన్నప్పుడు బోనస్ ఎవరు కట్టాలో, ఆమె రాతకు మిల్లు గేటు దగ్గర ఎంత విలువో సీజన్ మొదలయ్యే ముందే తేల్చి రాసిపెట్టాలి.